స్టోన్‌హౌస్‌పేట నుంచి చీమకుర్తి దాకా: పని నేర్పే పాడ్‌కాస్టులు, కాలక్షేపం పాడ్‌కాస్టులు

వ్యాపారానికి పనికొచ్చే పాడ్‌కాస్టులు అని వెతికితే వచ్చే జాబితాలన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. పెట్టుబడిదారుల దగ్గర కోట్లు తెచ్చుకుని, కంపెనీ పెట్టి, అమ్మేసుకోవాలనుకునే వాళ్ళకోసం తయారైనవి అవి. నెల్లూరులో హోల్‌సేల్ కిరాణా నడిపేవాళ్ళకీ, అల్లూరు వైపు రొయ్యల చెరువులు చేసేవాళ్ళకీ, చీమకుర్తి గ్రానైట్ ఎగుమతిదారుకీ, ఒంగోలులో బ్యాంకు ఉద్యోగం చేస్తూ మేనేజరు కావాలనుకునే వాళ్ళకీ ఆ జాబితాలో సగం దండగ. మిగతా సగంలో మాత్రం మంచి సరుకుంది. ఏరుకోవాలి, అంతే.

ఏరడానికి ఇక్కడ పెట్టుకున్న కొలబద్ద ఒకటే. ఎపిసోడ్ అయిపోయాక మన లెక్కల పుస్తకంలో వేసి చూసుకోదగ్గ అంకె ఒకటైనా, రేపు పొద్దున పనివాళ్ళతో అనదగ్గ మాట ఒకటైనా మిగిలిందా లేదా? రెండూ లేకపోతే అది ఎంత పేరున్నదైనా కాలక్షేపమే.

ఆ లెక్కన ముందు పీట 'అక్వైర్డ్'కి వేయాలి. బెన్ గిల్బర్ట్, డేవిడ్ రోజెంతాల్ అనే ఇద్దరు 2015లో మొదలుపెట్టారు. ఒక్కో కంపెనీ చరిత్రను మూడు నాలుగు గంటలు చెప్తారు. అంతసేపా అని భయపడనక్కర్లేదు. నెల్లూరు నుంచి ఒంగోలుకు బస్సులో పోయి రావడంలో ఒక ఎపిసోడ్ అయిపోతుంది. మొదట వినాల్సింది 2023లో వచ్చిన కాస్ట్‌కో భాగం. కాస్ట్‌కో అంటే అమెరికాలో సభ్యత్వం కట్టిన వాళ్ళకే సరుకు అమ్మే గోడౌన్ లాంటి కొట్టు. బ్రాండు సరుకు మీద 14 శాతం, తమ సొంత కిర్క్‌లాండ్ పేరున్న సరుకు మీద 15 శాతం దాటి ధర పెంచకూడదని వాళ్ళకు వాళ్ళే గీత గీసుకున్నారు. కొట్టులో రకాలు దాదాపు 4,000 మాత్రమే. అక్కడి మామూలు సూపర్‌మార్కెట్‌లో అంతకు ఎన్నో రెట్లుంటాయి. లాభంలో పెద్ద భాగం సభ్యత్వ రుసుము నుంచే వస్తుంది. హాట్ డాగ్, కూల్‌డ్రింక్ కలిపి 1985 నుంచి డాలరున్నరే. ఇది వింటే మన టీ కొట్టువాళ్ళకు నవ్వొస్తుంది.

వాళ్ళ కొట్టు మన కొట్టు కాదు, నిజమే. కానీ ఆ కథలో ఉన్న కీలకం నెల్లూరు హోల్‌సేల్ బజారు మన స్టోన్‌హౌస్‌పేటకి అచ్చంగా సరిపోతుంది: సరుకు ఎన్ని రోజులు గోడౌన్‌లో కూర్చుంటుంది, దాని డబ్బు ఎన్ని రోజులకు కట్టాలి? కాస్ట్‌కోలో సరుకు సుమారు నెల రోజుల్లో తిరిగిపోతుంది. తెచ్చినవాడికి డబ్బు కట్టే లోపు చాలావరకు అమ్ముడైపోతుంది. అంటే వ్యాపారం నడిచేది సరుకిచ్చినవాడి డబ్బుతో.

ఇప్పుడు మన లెక్క వేయండి. నెలకు 10 లక్షల సరుకు కొనుగోలు ధర మీద కదిలే హోల్‌సేల్ కొట్టు అనుకుందాం. గోడౌన్‌లో ఎప్పుడూ 20 లక్షల సరుకు ఉంటుంది, అంటే 60 రోజుల సరుకు. ఆత్మకూరు, ఉదయగిరి వైపు చిల్లర కొట్లకు 30 రోజులు అరువు. కంపెనీ మనకిచ్చే గడువు 21 రోజులు. 60కి 30 కలిపి 21 తీసేస్తే 69 రోజులు. రోజుకు 33,333 రూపాయల చొప్పున 69 రోజులంటే 23 లక్షలు మన జేబులోంచి ఇరుక్కుని ఉన్నాయన్నమాట. నూటికి రూపాయి వడ్డీ వేసినా నెలకు 23,000. రెండు రూపాయల వడ్డీకి తెచ్చుంటే 46,000. కదలని రకాలు నాలుగు తీసేసి సరుకును 45 రోజులకు దించితే 5 లక్షలు బయటికొస్తాయి. బేరం ఆడి సంపాదించే అర శాతం కంటే ఇది చాలా పెద్దది. ఈ ఒక్క లెక్కకోసం ఆ మూడు గంటలూ వినొచ్చు.

దీంట్లో చిక్కులూ ఉన్నాయి. కథ చెప్పేవాళ్ళిద్దరూ కంపెనీల మీద మనసు పడిపోతారు. ఓడిపోయినవాళ్ళ వైపు నుంచి కథ తక్కువ. చిప్పుల కంపెనీల ఎపిసోడ్లు కంప్యూటరు చదువు లేనివాళ్ళకు కొరుకుడు పడవు. కాస్ట్‌కో తర్వాత నింటెండో (జపాన్ వీడియో గేముల కంపెనీ), హెర్మీస్ (చేతిపని తోలు సంచులకు పేరున్న ఫ్రెంచి కంపెనీ) వినొచ్చు. హెర్మీస్ భాగం ప్రత్యేకించి వెంకటగిరి చీరలు, నెల్లూరు బంగారు పని లాంటి చేతిపని వ్యాపారాల వాళ్ళకి. తొందరపడి సంఖ్య పెంచకుండా, చేతిపనివాళ్ళను నిలబెట్టుకుని ధర ఎలా కాపాడుకున్నారో అందులో ఉంది.

రెండోది 'మేనేజర్ టూల్స్'. పాతది, 2005 నుంచి వస్తోంది. మార్క్ హార్స్ట్‌మన్, మైఖేల్ ఆజెన్ మొదలుపెట్టారు. సంగీతం లేదు, నాటకీయత లేదు, పెద్ద పేర్ల అతిథులు లేరు. ఇద్దరు కూర్చుని పనివాళ్ళతో ఎలా మాట్లాడాలో పాఠంలా చెప్తారు. వినడానికి కాస్త చప్పగానే ఉంటుంది కానీ, ఈ వ్యాసంలో ఉన్న వాటన్నిటిలోనూ మర్నాటికే అమల్లో పెట్టగలిగింది ఇదే. వాళ్ళ 'బేసిక్స్' అన్న పాత ఎపిసోడ్ల వరుసతో మొదలుపెట్టాలి. కొత్తవాటితో మొదలుపెడితే తలా తోకా తెలియదు.

అందులో మొదటి పనిముట్టు వారానికొకసారి ముఖాముఖి. మీ కింద నేరుగా పనిచేసే ఒక్కో మనిషితో 30 నిమిషాలు, వారంలో ఒకే రోజు, ఒకే టైముకి. మొదటి 10 నిమిషాలు ఆ మనిషివి. ఏం మాట్లాడినా సరే, కూతురి పెళ్ళి గురించైనా సరే. తర్వాతి 10 మీవి. చివరి 10 ముందున్న పనివి. మొదటి పదిలో యజమాని నోరు తెరిచి పని పురమాయిస్తే మొత్తం చెడిపోయినట్టే. పని అడ్డొస్తే రోజు మార్చొచ్చు గానీ రద్దు చేయకూడదని కూడా గట్టిగా చెప్తారు. చెరువు పట్టుబడి (రొయ్యలు పట్టే) రోజున కూర్చోమని ఎవరూ అనరు, మర్నాడు మాత్రం కూర్చోవాల్సిందే.

మన దగ్గర ఇది ఎక్కడ తేడా కొడుతుందంటే, మొదటిది సంఖ్య. పన్నెండు మందితో అరగంట చొప్పున అంటే వారానికి ఆరు గంటలు. అంత అక్కర్లేదు. మేస్త్రీ, గుమాస్తా, డ్రైవర్ల పెద్ద ఈ ముగ్గురితో చాలు; కిందివాళ్ళతో మేస్త్రీ మాట్లాడుకుంటాడు. రెండోది వయసు. నాన్నగారి కాలం నుంచి ఉన్న గుమాస్తాని ఇరవై ఆరేళ్ళ కుర్రాడు గదిలో కూర్చోబెట్టి కాగితం తీస్తే, ఆయనకు అది విచారణలా అనిపిస్తుంది. రాసుకోవడం ముఖ్యమే, కానీ "బాబాయ్, మర్చిపోతానని రాసుకుంటున్నా" అని ముందే ఒక మాట అనేసి, కాగితం ఆయనకూ కనబడేలా పెట్టుకోవాలి. గదిలో కాకుండా టీ తాగే చోట అయినా నష్టం లేదు.

రెండో పనిముట్టు పని గురించి మాట చెప్పడం. నాలుగు అడుగులు: ఒక మాట చెప్పొచ్చా అని అడగడం, ఏం చేశారో చెప్పడం, దానివల్ల ఏమైందో చెప్పడం, ఇకముందు ఏం చేస్తారో వాళ్ళనే అడగడం. బాగా చేస్తే చివరి అడుగు మెచ్చుకోలు. తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: "ఒక మాట చెప్పనా? ఏడింటికే తాళం తీసి లోడు దించినావు గదా, ఆత్మకూరు బండి తొమ్మిదికల్లా కదిలింది. బాగుంది, అట్నే కానీ." అంతే, పది సెకన్లు. తప్పు చెప్పేటప్పుడూ అదే గొంతు, అదే పొడవు. 'నువ్వెప్పుడూ ఇంతే' అన్నది ఇందులో ఉండదు, ఎందుకంటే అది చేసిన పని గురించి కాదు, మనిషి గురించి. ముందు కొన్ని వారాలు మెచ్చుకోళ్ళే చెప్పి, మాట వినడం అలవాటయ్యాకే తప్పుల జోలికి పోవాలంటారు. చాలామంది రెండో రోజే తిట్టడానికి ఈ పద్ధతి వాడి, పనిచేయలేదంటారు.

వీళ్ళదే 'కెరీర్ టూల్స్' అని ఇంకోటుంది. ఇంటర్వ్యూలు, రెజ్యూమె, కొత్త ఉద్యోగంలో మొదటి నెలలు ఇలాంటి విషయాలు. ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు దీంతో పాటు హార్వర్డ్ బిజినెస్ రివ్యూ వాళ్ళ 'కోచింగ్ రియల్ లీడర్స్' వినొచ్చు. మ్యూరియల్ విల్కిన్స్ అనే కోచ్, పేరు బయటపెట్టని నిజమైన ఉద్యోగులతో జరిపిన సంభాషణలే ఎపిసోడ్లు. ప్రమోషన్ ఎందుకు ఆగిందో అవతలి మనిషి తన నోటితోనే తెలుసుకోవడం వినబడుతుంది. వాళ్ళదే 'ఐడియాకాస్ట్' 2006 నుంచి నడుస్తోంది, అరగంట లోపు. అది పుస్తకం రాసినవాళ్ళ పరిచయంలా ఉంటుంది చాలాసార్లు. శీర్షిక చూసి ఎంచుకుంటే చాలు.

రొయ్యలు, పొగాకు, గ్రానైట్ లాంటి ధర ఇంకెక్కడో తేలే వ్యాపారాలవాళ్ళకు 'ప్లానెట్ మనీ' వేరే ఏదీ ఇవ్వలేనిది ఇస్తుంది. అమెరికా ప్రజా రేడియో ఎన్‌పీఆర్‌ది, 2008లో వచ్చిన ఆర్థిక సంక్షోభంలో పుట్టింది. మామూలుగా అరగంటకు మించదు, ఇంగ్లీషు తేలిక. 2013లో వాళ్ళు ఒక టీ-షర్టు తయారు చేయించి దాని వెంట ప్రయాణం చేశారు: మిసిసిపీలో పత్తి, ఇండోనేషియాలో నూలు, బంగ్లాదేశ్‌లో కుట్టు, అక్కణ్ణుంచి కంటైనర్ ఓడ. ఎక్కడ ఎంత ధర చేరుతుందో, ఎవరి చేతిలో ఎంత మిగులుతుందో చూపించారు.

అదే గీత రొయ్యకు గీయండి. సీడు, మేత, కరెంటు, డీజిల్, పట్టుబడి కూలీ, ఐసు, ప్రాసెసింగ్ ప్లాంటు, ఓడ, అవతలి దేశం సుంకం. తల తీస్తే బరువులో మూడో వంతు దాకా పోతుంది. చెరువు దగ్గర కిలో 300 అనుకుంటే, తల లేని సరుకు ఏ ఖర్చూ కలపకముందే 450 అవుతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు చెరువు గట్టున ధర ఎందుకు కదిలిందో, మొత్తం భారం ఒక్కరి మీదే ఎందుకు పడదో ఈ గీత ఉంటే అర్థమవుతుంది. లేకపోతే బయ్యరు ఏం చెప్తే అదే. వీళ్ళదే 'ది ఇండికేటర్' పది నిమిషాల్లో ఒక్క అంకెను విప్పి చెప్తుంది. టైము లేనివాళ్ళు అదొక్కటే వింటున్నా తప్పులేదు.

దీనికి పై మెట్టు ఆర్థిక వార్తల సంస్థ బ్లూమ్‌బర్గ్ వాళ్ళ 'ఆడ్ లాట్స్'. ట్రేసీ అలవే, జో వైసెంతాల్ నడుపుతారు. ఓడ కిరాయిలు, కంటైనర్ల కొరత, సరుకు ధరలు వీళ్ళకు ఇష్టమైన విషయాలు. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో దాడులు మొదలై ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగాల్సి వచ్చాక, యూరప్‌కు సరుకు పంపేవాళ్ళ కిరాయి, గడువు రెండూ తలకిందులయ్యాయి. అలాంటివి జరిగినప్పుడు ఓడల వ్యాపారంలో ఉన్నవాళ్ళనే పిలిచి అడగడం వీళ్ళ బలం. మాట వేగం ఎక్కువ, వాళ్ళ జోకులు వాళ్ళకే. మొదటిసారి వింటే బుర్ర తిరుగుతుంది. ఇంకో చికాకు కొలతలు: బుషెల్, బ్యారెల్, ఔన్సు. మన 850 కిలోల పుట్టి వాళ్ళకి చెప్తే వాళ్ళ బుర్ర కూడా అలాగే తిరుగుతుంది లెండి.

'హౌ ఐ బిల్ట్ దిస్' పేరు ప్రతి జాబితాలోనూ ఉంటుంది. గై రాజ్ 2016లో మొదలుపెట్టాడు. మొదటి అతిథి సారా బ్లేక్లీ, 5,000 డాలర్ల సొంత పొదుపుతో లోదుస్తుల వ్యాపారం పెట్టినావిడ. వ్యాక్యూమ్ క్లీనర్ కోసం 5,127 నమూనాలు చేసిన జేమ్స్ డైసన్ భాగం కూడా బాగుంటుంది. కథలు బాగా చెప్పిస్తాడు. కానీ మన కొలబద్ద దగ్గర తక్కువ పడుతుంది, ఎందుకంటే వచ్చినవాళ్ళందరూ గెలిచినవాళ్ళే. అదే పని చేసి మూతబెట్టుకున్నవాళ్ళు ఆ కుర్చీలోకి రారు. చివర్లో, ఇందులో అదృష్టం ఎంత, కష్టం ఎంత అని అతిథిని అడుగుతాడు. ఆ జవాబు కోసం వినండి. నిజాయితీ ఉన్నవాళ్ళు అక్కడ తెలిసిపోతారు. నెలకొకటి చాలు.

మన దేశంవాటికొస్తే, రోజువారీ వార్తకు 'ఫిన్‌షాట్స్ డైలీ', 'ది డైలీ బ్రీఫ్ బై జెరోధా' రెండూ పనికొస్తాయి. మొదటిది టీ చల్లారేలోపు అయిపోతుంది. రెండోది కొంచెం పెద్దది, ఒక పరిశ్రమను పట్టుకుని లోపలికి వెళ్తుంది. అదే విషయం రాతలోనూ ఉచితంగా దొరుకుతుంది. రెండూ షేర్ మార్కెట్ వైపు నుంచి వచ్చినవే అయినా ఫలానా షేరు కొను అని చెప్పేవి కావు. జెరోధా స్థాపకుల్లో ఒకడైన నిఖిల్ కామత్ 'డబ్ల్యూటీఎఫ్' 2023లో మొదలైంది, గంటల తరబడి సాగుతుంది. హోటల్ వ్యాపారం మీద చేసిన భాగం మనవాళ్ళకు ఆసక్తిగా ఉంటుంది గానీ, అక్కడి అద్దెలు, బిల్లులు ముంబయివి. నెల్లూరులో చేపల పులుసు మెస్సు పెట్టేవాళ్ళు అందులో అంకెలు తీసుకోకూడదు. అద్దె, సరుకు, జీతం అమ్మకంలో ఎంతెంత శాతం ఉన్నాయని వేసుకునే పద్ధతి మాత్రం తీసుకోవచ్చు.

పన్నులు, డబ్బు విషయాల ఎపిసోడ్ల దగ్గర ఎక్కువమంది పడే గుంట ఒకటుంది: తేదీ చూడరు. 2024 జులై 23 నుంచి షేర్ల దీర్ఘకాలిక లాభం మీద పన్ను 10 నుంచి 12.5 శాతమైంది, మినహాయింపు లక్ష నుంచి లక్షా పాతిక వేలైంది. కొత్త పన్ను విధానంలో పన్ను పడని ఆదాయం పరిమితి 2025-26 నుంచి 7 లక్షల బదులు 12 లక్షలైంది. జీఎస్టీ స్లాబులు 2025 సెప్టెంబరు 22న మారిపోయాయి. చిన్న తయారీదారులకు ఒప్పందం ఉంటే 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది లెక్కలో చూపుకోనివ్వని 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 43బీ(హెచ్) నిబంధన 2024 ఏప్రిల్ నుంచి నెత్తిమీద కూర్చుంది. ఈ తేదీలకు ముందు రికార్డయిన ఎపిసోడ్ ఎంత బాగా చెప్పినా దాన్ని పట్టుకుని ఆడిటర్‌తో వాదించకండి.

తెలుగులో పరిస్థితి వేరు. సరుకు పెరిగింది, కానీ చాలావరకు యూట్యూబ్ ఇంటర్వ్యూలకే పాడ్‌కాస్ట్ అని పేరు. 'రా టాక్స్ విత్ వీకే' లాంటివి తెలుగు వ్యాపారస్తుల్ని కూర్చోబెట్టి గంటలు మాట్లాడిస్తాయి. మన మాటలో, మన ఊళ్ళ లెక్కల్లో వినడం నిజంగా హాయి. అతిథి అంకె చెప్పినప్పుడు 'అది అమ్మకమా, లాభమా' అని ఎదురడిగే అలవాటు మాత్రం తెలుగులో ఇంకా రాలేదు. 'నెలకు కోటి' అన్న థంబ్‌నెయిల్ చూస్తే అది టర్నోవరే, అంటే మొత్తం అమ్మకమే అనుకోండి. చాలాసార్లు తప్పు కాదు. చివర్లో కోర్సు లింకు, వాట్సాప్ గ్రూపు వచ్చాయంటే అప్పటిదాకా విన్నది ప్రకటన. షేర్ల సలహా ఇస్తున్నవాళ్ళయితే షేర్ మార్కెట్‌ను అదుపు చేసే సెబీ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు అడగాలి. పెట్టుబడి సలహాదారుకు ఐఎన్ఏతో, రీసెర్చ్ అనలిస్టుకు ఐఎన్‌హెచ్‌తో మొదలవుతుంది. సెబీ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడడానికి రెండు నిమిషాలు పట్టదు.

పైవాటిలో ఎక్కువ ఇంగ్లీషువి కదా, మరి ఇంగ్లీషు చెవికి పట్టనివాళ్ళు? కావలి, ఒంగోలు కాలేజీల్లో ఆఖరి ఏడాది పిల్లలకి ఇదే పెద్ద అడ్డం. వాళ్ళు బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్ వాళ్ళ 'సిక్స్ మినిట్ ఇంగ్లీష్'తో మొదలుపెట్టాలి. ఆరు నిమిషాలు, ఒక విషయం, మొదట్లో ఒక ప్రశ్న, చివర్లో జవాబు, మధ్యలో ఆరు కొత్త మాటలు. మొత్తం రాతప్రతి వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉచితం. మొదటిసారి ఊరికే వినాలి. రెండోసారి రాతప్రతి చూస్తూ వినాలి. మూడోసారి ఒక్కో వాక్యం దగ్గర ఆపి, అదే ఊపుతో పైకి అనాలి. మూడో మెట్టు వదిలేసేవాళ్ళకు ఆర్నెల్లయినా అర్థం కావడం వరకే వస్తుంది, నోరు తిరగదు. ఇది రెండు నెలలు అయ్యాక 'ది ఇండికేటర్'ని 0.8 వేగంతో పెట్టుకుంటే అందుతుంది.

ఇక ఫోను. గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లో మూతపడింది. పాత ఫోన్లలో ఆ గుర్తు ఇంకా ఉంటే తీసేయండి. ఆండ్రాయిడ్‌లో ఆంటెన్నాపాడ్ అనే యాప్ ఉచితం, ప్రకటనలు లేవు, ఖాతా అక్కర్లేదు. ఒక్కో పాడ్‌కాస్ట్‌కి వేరే వేగం పెట్టొచ్చు, మాటల మధ్య ఖాళీలను దాటించొచ్చు. యూట్యూబ్‌కే పరిమితమైనవి మాత్రం అందులో రావు. స్పాటిఫైలో డబ్బు కట్టకపోయినా పాడ్‌కాస్టులు దించుకోవచ్చు. ఐఫోన్ వాళ్ళకి ఆపిల్ పాడ్‌కాస్ట్స్‌లో 2024 నుంచి ఇంగ్లీషు ఎపిసోడ్లకు రాతప్రతి కూడా కనబడుతుంది. అర్థం కాని మాట దగ్గర ఆపి చదువుకోవచ్చు.

డేటా లెక్క: 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) ఆడియో గంటకు సుమారు 58 ఎంబీ, 64 అయితే 29. అంటే నాలుగు గంటల 'అక్వైర్డ్' 230 ఎంబీకి అటూ ఇటూ. అదే యూట్యూబ్ వీడియోగా చూస్తే దానికి ఎన్నో రెట్లు పోతుంది, తెర ఆపితే మామూలు యాప్‌లో మాట కూడా ఆగిపోతుంది. చెరువు కట్టల దగ్గర, క్వారీల్లో సిగ్నల్‌ను నమ్ముకోకుండా రాత్రి ఇంట్లో వైఫై మీద దించుకోవాలి. సెట్టింగ్స్‌లో 'వైఫై మీదే డౌన్‌లోడ్', 'విన్నాక తీసేయి' రెండూ ఆన్ చేసి, ఒక్కో పాడ్‌కాస్ట్‌కి కొత్తవి రెండే ఉంచమని పెట్టండి. లేకపోతే నెల తిరిగేసరికి 200 ఎపిసోడ్లు పేరుకుని, కదలని సరుకున్న గోడౌన్‌లా తయారవుతుంది ఫోను.